నాపరాళ్ల ఇంట్లో పాట రికార్డింగు

మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు ఇంట్లోనే పాటలు రికార్డు చేయాలని ఉత్సాహపడే కుర్రవాళ్లు ముందు ఫోన్లో మైకుల వీడియోలు చూస్తారు. ఏ మైకు కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అనుకుంటూనే నెలలు గడిచిపోతాయి. ఈలోపు పాడాల్సిన అవ్వకు దగ్గు పట్టుకుంటుంది, లేదంటే కొడుకు దగ్గరికని హైదరాబాదు వెళ్లిపోతుంది. సామాను తప్పుగా కొన్న బాధ రెండేళ్లలో మరిచిపోవచ్చు. పాట వినకుండానే మనిషి పోయిన బాధ అలా తీరేది కాదు. అందుకే ఉన్న సామానుతో, ఉన్న ఇంట్లో, ఈ వారమే మొదలుపెట్టడానికి పనికొచ్చే పద్ధతి చెబుతున్నాను.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాలపాటు పల్లె గొంతు రికార్డు కావాలంటే అలాంటి కేంద్రానికి బస్సెక్కి పోవాలి, లేదా ఎవరో టేపు యంత్రం పట్టుకుని ఊరికి రావాలి. కలుపు పాటలు, పెళ్లి పాటలు, చెక్కభజన పాటలు ఎన్నో ఆ అవకాశానికి నోచుకోలేదు. ఇప్పుడు ఆ యంత్రం ప్రతి జేబులోనూ ఉంది.

మొదట చూడాల్సింది గది. మన వైపు ఇళ్లలో కింద నాపరాయి, చుట్టూ సిమెంటు గోడలు, పైన స్లాబు. అన్నీ శబ్దాన్ని తిప్పికొట్టేవే. గది నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టండి. దాని వెనకే చిన్న మోత సాగితే, ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటోందని అర్థం. పది అడుగుల గదిలో శబ్దం ఈ గోడ నుంచి ఆ గోడకు పోయి తిరిగి రావడానికి దాదాపు 18 మిల్లీసెకన్లు చాలు. చెవి దాన్ని విడి శబ్దంగా గుర్తుపట్టదు. గొంతులోనే కలిపేసుకుంటుంది, దాంతో పాట డబ్బాలోంచి వస్తున్నట్టుంటుంది. ఒకసారి రికార్డులో చేరాక ఈ మోతను పూర్తిగా తీసేసే దారి లేదు.

గోడలకు గుడ్ల అట్టలు అంటించే ప్రయాస వద్దు. అవి పలచన, పెద్దగా పీల్చుకోవు. ఇంట్లో ఉన్న దూదిపరుపులు, బొంతలు అంతకంటే ఎంతో మేలు. వాటిని పాడే మనిషి వెనక నిలబెట్టాలి. మైకు ముఖం గాయని వైపు ఉంటుంది కాబట్టి, ఆమె వెనక గోడ నుంచి వచ్చేదే దానికి ఎక్కువ వినపడుతుంది. పరుపును గోడకు ఆనించకుండా జానెడు దూరంలో ఉంచితే ఇంకా కింది స్వరాలను కూడా పట్టుకుంటుంది. నేల మీద మందంగా జంపఖానా పరవండి. పత్తి తీసిన రోజుల్లో బస్తాలు ఇంట్లోనే ఉంటే వాటిని మూలల్లో పేర్చండి. అంత మంచి సరుకు డబ్బు పెట్టినా సులభంగా దొరకదు.

చెక్కభజన బృందమైతే గదిలోకి అసలు తేవద్దు. పదిమంది చెక్కలు, కాలి గజ్జెలు నాలుగు గోడల మధ్య మోగితే మాట వినపడదు. కోత అయిపోయిన చేనో, ఊరి బయట ఖాళీ స్థలమో చూడండి. గోడలు లేని చోట తిరిగొచ్చే మోత ఉండదు. గాలి ఒక్కటే ఇబ్బంది. మైకుకు స్పాంజి తొడిగి, గాలికి వీపు చేసి నిలబడితే చాలావరకు ఆగుతుంది. పాట ఎత్తుకునే గురువును మైకుకు దగ్గరగా, చెక్కల వాళ్లను నాలుగడుగులు వెనక్కి నిలపండి. ఒక్కొక్కరినీ విడివిడిగా రికార్డు చేసి తర్వాత కలుపుదామనే ఆలోచన మాత్రం వద్దు. వాళ్ల తాళం ఒకరి అడుగు చూసి ఒకరు వేసేది. విడదీస్తే పోతుంది.

వేళ చూసుకోవడం కూడా పనిలో భాగమే. తెల్లవారుజామున గుడి మైకులు, పొద్దెక్కాక ఆటోలు, ట్రాక్టర్లు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000లో వచ్చిన నిబంధనలున్నాయి కానీ, ఆ వేళకు పెద్దవాళ్లు నిద్రపోతారు. నాకు నచ్చే సమయం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. ఎండకు వీధి ఖాళీగా ఉంటుంది. ఫ్యాను మాత్రం ఆపాల్సిందే. పాటకూ పాటకూ మధ్య వేసి, అవ్వకు మజ్జిగ ఇచ్చి, మళ్లీ ఆపండి.

మైకు లేకపోతే ఫోనే చాలు. విమానం మోడ్‌లో పెట్టండి, లేకపోతే మంచి చరణం మధ్యలో ఫోను మోగుతుంది. వేవ్ ఫైలు ఎంచుకునే వీలుంటే అదే ఎంచుకోండి. మైకు కొనేవాళ్లకు ఒక మాట: డైనమిక్ మైకుకు గది వినపడదంటారు, అది పూర్తి నిజం కాదు. గది మోత తగ్గేది దగ్గరగా పాడటం వల్ల. దూరం సగం చేస్తే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత ఉన్నంతే ఉంటుంది. జానెడు దూరంలో, నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కగా పెట్టండి. ప, భ పలికినప్పుడు వచ్చే గాలిదెబ్బ తప్పుతుంది. కండెన్సర్ మైకుకు ఇంటర్‌ఫేసు నుంచి 48 వోల్టులు అందాలి. ఇన్వర్టరు మీద నడిపితే జుమ్మనే మోత రావచ్చు. ల్యాప్‌టాప్ చార్జరు తీసేసి బ్యాటరీ మీద చేస్తే తరచూ అక్కడితో పోతుంది.

ఇక శబ్దం మట్టం. మాట్లాడించి మట్టం సరిచూస్తారు చాలామంది. పాట మధ్యలో అవ్వ గొంతెత్తగానే శబ్దం పగిలిపోతుంది, పగిలినదాన్ని మళ్లీ అతకలేం. కాబట్టి పాటలో అన్నిటికంటే గట్టిగా వచ్చే చోటే ముందు పాడించి చూడండి. 24 బిట్లలో రికార్డు చేస్తుంటే గరిష్ఠ మట్టం మైనస్ 12 దగ్గర ఆగినా నష్టమేమీ లేదు, తర్వాత పెంచుకోవచ్చు.

శ్రుతి పెట్టెను ముందే మోగించి దానికి పాడమనకండి. ఆమె ఎత్తుకున్నదాన్ని బట్టి శ్రుతి పెట్టండి, లేదా శ్రుతే వద్దు. మెట్రోనోమ్ అసలే వద్దు. “అవ్వా, మొదట్నుంచి కాకపోయినా పర్లేదు, నీకు బాగా గుర్తున్న కాడ్నించి పాడు” అంటే గొంతు విచ్చుకుంటుంది. పాట అయ్యాక వెంటనే ఆపొద్దు. ఎవరి దగ్గర నేర్చుకుంది, ఏ పనిలో పాడేవాళ్లు అన్నది ఆమె అప్పుడే చెబుతుంది.

ఎడిటింగు తక్కువగా ఉంటేనే మంచిది. 2000లో విడుదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఈ పనికి సరిపోతుంది. మొదలు, చివర కత్తిరించండి, మట్టం సరిచేయండి. నాయిస్ తగ్గించే మీటను గట్టిగా తిప్పితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టవుతుంది. ఆటోట్యూన్ మన గమకాన్ని తప్పుగా లెక్కగట్టి చదును చేస్తుంది. దాని జోలికి పోకండి.

అసలు ఫైలును ముట్టుకోకుండా విడిగా దాచండి. 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ల మోనో ఫైలు నిమిషానికి 9 మెగాబైట్ల లోపే, కాబట్టి చోటు లేదనే సాకు చెల్లదు. మూడు కాపీలుంచండి, ఒకటి వేరే ఇంట్లో. ఫైలు పేరులోనే పాడిన మనిషి, ఊరు, తేదీ, పాట మొదటి మాట రాయండి. ‘కొత్తది 2’ అని రాసిపెట్టినవి పదేళ్ల తర్వాత ఎవరివో చెప్పేవాళ్లుండరు. యూట్యూబులో పెట్టేముందు ఆమె ఒప్పుకోలు తీసుకోండి. పాడినవాళ్లకు తమ ప్రదర్శన మీద చట్టం 50 ఏళ్ల హక్కు ఇస్తోంది.

ఒక కాపీ పెన్‌డ్రైవులో ఆ ఇంటికే ఇచ్చి, అందరూ కూర్చున్నప్పుడు వినిపించండి. “ఈడ ఒక చరణం వదిలేసింది” అని చెల్లెలో తోడికోడలో అంటుంది. ఆ చరణం ఆమెకే వచ్చు. ఆ రోజు మైకు సంచి వెంట ఉండేలా చూసుకోండి.