పాత మిలిటరీ డీజిల్ బండ్లు: వాటి గేర్లును, వాటికి తగిన వేగమును



ఈ సంవత్సరము లెక్కల తరగతిలో నిష్పత్తులు చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "సార్, మా నాయన వేలములో కొన్న మిలిటరీ బండి అరవై దాటగానే ఇంజను గోల పెట్టుచున్నది. క్రౌను, పినియను మార్చినచో ఎనభై పోవునని మేస్త్రీ చెప్పినాడు. మార్పించవచ్చునా?" అని అడిగెను. మేము అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నకు సగము జవాబు లెక్కలో నున్నది, తక్కిన సగము త్రోవలో నున్నది. రెండును కలిపి ఇచ్చట వ్రాయుచున్నాము. తల్లిదండ్రులును చదువవలెనని మా కోరిక.

సైన్యము కొన్నియేండ్లు వాడిన బండ్లను వేలము వేయుట వాడుక. జబల్పూరులో తయారైన శక్తిమాన్ లారీలు, నిస్సాన్ ఒక టన్ను బండ్లు, జోంగాలు ఇట్లే జనుల చేతికి వచ్చినవి. జర్మనీ దేశపు మాన్ కంపెనీ నమూనాపై శక్తిమాన్ తయారగుట 1959లో మొదలైనది. నిస్సాన్, జోంగా బండ్లకు మొదట బిగించినది పెట్రోలు ఇంజను. కొన్నవారు నూనె ఖర్చునకు జడిసి దానిని తీయించి డీజిల్ ఇంజను పెట్టించుకొనుట కద్దు. చిక్కు అక్కడనే మొదలగును.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పెట్టు ప్లగ్గు లేదు. గాలిని మిక్కిలి గట్టిగా నొక్కగా పుట్టు వేడిమిచేతనే నూనె మండును. ఆ ఒత్తిడికి ఓర్చుకొనుటకై దాని పిస్టనులు, రాడ్లు బరువుగా చేయబడును. బరువైన వస్తువును అతి వేగముగా పైకి క్రిందికి ఆడించినచో అది విరుగును. కావున డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజనుకంటె తక్కువ చుట్లు తిరుగుట సామాన్యము. హద్దు దాటకుండుటకు నూనె తగ్గించు గవర్నరు అను సాధనము దానికి కలదు. పెట్రోలు ఇంజనునకై యేర్పరచిన ఇరుసుకు ఇట్టి ఇంజనును తగిలించినచో బండి వేగము తగ్గక తప్పదు. ఆ బాలుని తండ్రి బండి గోల పెట్టుటకు కారణ మిదియే.

ఇక గేరు సంగతి. మీ సైకిలు చూడుడు. ముందు చక్రపు పండ్లు 44, వెనుక 18 అయినచో, పెడలు ఒక చుట్టు తిరుగగా వెనుక చక్రము దాదాపు రెండున్నర చుట్లు తిరుగును. వేగము లభించినది, కాని ఎత్తు ఎక్కునప్పుడు కాళ్లు పీకును. మోటారు బండిలో దీనికి విరుద్ధము. ఇంజను అనేక చుట్లు తిరిగినగాని చక్రము ఒక చుట్టు తిరుగదు. పినియనుకు 9 పండ్లు, క్రౌనుకు 41 పండ్లు ఉన్నచో నిష్పత్తి 4.56. అనగా వేగము నాలుగున్నర రెట్లు తగ్గి, లాగు బలము అన్ని రెట్లు పెరుగును. గేరు కొత్తగా బలమును పుట్టించునది కాదు. వేగము నిచ్చి బలము కొనుట, బలము నిచ్చి వేగము కొనుట, ఇంతే దాని వ్యాపారము.

లెక్కకు మూడు కొలతలు చాలును: నిమిషమునకు ఇంజను తిరుగు చుట్లు, ఇరుసు నిష్పత్తి, చక్రపు చుట్టుకొలత. టైరుమీదను నేలమీదను సున్నముతో గుర్తు పెట్టి, బండిని ఒక చుట్టు దొర్లించి, టేపుతో కొలిచినచో చుట్టుకొలత తెలియును. చుట్లను నిష్పత్తిచే భాగించి, చుట్టుకొలతచే హెచ్చించి, 60చే హెచ్చించి, 1000చే భాగించినచో గంటకు కిలోమీటర్లు వచ్చును. ఇది పై గేరులో ఇంజను చుట్లు మారకుండ ఇరుసునకు చేరు బండ్లకు వర్తించును.

అంకెలు స్పష్టముగా తెలిసిన బండి నొకదానిని ఉదాహరణముగా తీసికొందము. 1980లలో అమెరికా సైన్యము షెవ్రొలే ఎం 1008 అను డీజిల్ పికప్పును వాడెను. ఒకటింబాతిక టన్ను మోయును. ఇంజను 6.2 లీటర్లు, దాని పూర్తి శక్తి నిమిషమునకు 3,600 చుట్లయొద్ద వచ్చును. ఇరుసు నిష్పత్తి 4.56. టైరు చుట్టుకొలత సుమారు 2.53 మీటర్లు. లెక్కించినచో 3,600 చుట్లకు గంటకు 120 కిలోమీటర్లు వచ్చును. అయినను సైన్యము వారు ఆ బండికి పెట్టిన హద్దు 55 మైళ్లు, అనగా 88 కిలోమీటర్లు మాత్రమే. అప్పుడు ఇంజను సుమారు 2,650 చుట్లు తిరుగును. ఇంజను పోగలిగినంత వేగము బండికి తగిన వేగము కాదని ఈ రెండు అంకెలే చెప్పుచున్నవి.

అదే ఇంజను గల ఎం 1009 అను తేలిక బండికి 3.08 నిష్పత్తి పెట్టిరి. చక్రము సమానమే యనుకొనినచో 88 కిలోమీటర్ల యొద్ద ఇంజను 1,790 చుట్లే తిరుగును, గోల తగ్గును. మరి బరువు బండికి అట్లేల చేయలేదు? 4.56 తీసి 3.08 పెట్టినచో లాగు బలములో మూడింట ఒక వంతు పోవును. బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు క్లచ్చు కాలును, ఇంజను ఉడుకును. టైర్లు పెద్దవి వేసినను ఫలిత మిదియే. పైగా వేగమాని అబద్ధము చెప్పును: చుట్టుకొలత పదవ వంతు పెరిగినచో ముల్లు 60 చూపునప్పుడు బండి 66 పోవుచుండును.

ఇంతవరకు లెక్క. ఇక త్రోవ మాట. క్రౌను, పినియను మార్చుటచే బ్రేకులు మారవు. వేగము రెట్టింపైనచో బ్రేకు పట్టిన పిమ్మట బండి జరుగు దూరము నాలుగు రెట్లగును. సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగమును తగ్గించు బ్రేకులున్నవనియు, డ్రైవరు చూచి కాలు వేయుటకు ఒక సెకను పట్టుననియు అనుకొనుడు. 40 కిలోమీటర్ల వేగమున 23 మీటర్లలో బండి ఆగును. 60లో 44 మీటర్లు. 80లో 72 మీటర్లు. పాత దీపము రాత్రివేళ 40 మీటర్లే చూపినచో, 80లో పోవువాడు గ్రుడ్డివానివలె పోవుచున్నాడన్నమాట.

నిజాంసాగరు నీటితో ఈ జిల్లాలో చెరకు పెరిగినది. 1937లో స్థాపితమైన బోధను చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడువరకు చెరకు బండ్ల వరుసలు దాని కొరకు సాగినవి. చెరకుతో నిండిన బండికి వెనుక దీపము గడలలో మునిగిపోవును. ఒక చలికాలపు సాయంకాలము మేము అట్టి పాత మిలిటరీ బండిలో సిరికొండకు వచ్చుచుంటిమి. గుట్ట దిగునప్పుడు డ్రైవరు నూనె మిగులునని గేరు తీసి వదలెను. కొంత దూరము పోగానే బ్రేకులనుండి కాలిన వాసన వచ్చెను. కాలు వేసినను బండి నిలువలేదు. ఎదుట దీపము లేని చెరకు బండి, దాని ప్రక్కన సైకిలుమీద బడినుండి ఇంటికి పోవు మన పిల్లలిద్దరు! డ్రైవరు బండిని చేనిలోనికి త్రిప్పుటచేత ఎవరికిని ఏమియు కాలేదు. మేము దిగి ఆ పిల్లల చేతులు పట్టుకొని చాలసేపు మాటాడలేకపోతిమి.

ఆనాడు జరిగిన తప్పేది? ఏ గేరులో గుట్ట ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెను. అప్పుడు ఇంజనే బండిని పట్టియుంచును. అయితే దిగువ గేరు వేసి వేగముగా దూకరాదు. గవర్నరు నూనెను ఆపగలదు గాని, చక్రములు ఇంజనును తరుముచుండగా దానిని ఆపజాలదు.

కావున ఆ బాలునితో మేము చెప్పిన జవాబు ఇది. ఇంజను పూర్తి శక్తినిచ్చు చుట్లలో మూడు వంతులకు లెక్క కట్టి, ఆ వేగమును హద్దుగా డ్రైవరు కంటికి కనబడునట్లు వ్రాసిపెట్టుము. రాత్రివేళ దీపము చూపునంతలో ఆగగల వేగమే హద్దు. ఈ రెంటిలో ఏది తక్కువో అదే పాటింపవలెను. క్రౌను, పినియనుకు కూర్చిన రూకలు ముందు బ్రేకులకును, మంచి టైర్లకును, వెనుక దీపములకును పెట్టుము. మరునాడు ఆ బాలుడు, "మా నాయన ఒప్పుకొన్నాడు సార్, కాని చుట్టుకొలత నన్నే కొలువు మన్నాడు" అనెను. తరగతి అంతయు పోయి కొలిచితిమి.

అభ్యాసము
1. పినియను 8 పండ్లు, క్రౌను 39 పండ్లు, చుట్టుకొలత 2.4 మీటర్లు. ఇంజను నిమిషమునకు 2,400 చుట్లు తిరిగినచో గంటకు వేగమెంత?
2. పైన చెప్పిన బ్రేకులతో 40 మీటర్లలో ఆగవలెనన్నచో గరిష్ఠ వేగమెంత?
3. మీ ఇంటి బండి చక్రపు చుట్టుకొలతను, పెద్దల యెదుట, బండి నిలిచియున్నప్పుడు దారముతో కొలిచి వ్రాయుడు.