మూడు ఊళ్లు, ఒక తరుగుదల లెక్క

బిజినెస్ ఎకనామిక్స్ క్లాసులో తరుగుదల లెక్కలు చేస్తున్నప్పుడు నాకో గొప్ప ఐడియా వచ్చింది. వనపర్తిలో మాకు రెండు ముల్గీలున్నాయి, కిరాయికిచ్చాం. బిల్డింగ్ మీద ఏటా 10 శాతం తరుగుదల చూపిస్తే నాయిన కట్టే పన్ను బాగా తగ్గుతుంది కదా! దసరా సెలవులకి ఇంటికి పోగానే అదే చెప్పాను. నాయిన ఏమీ అనకుండా బండెక్కించుకుని ఆడిటర్ సారు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన నా లెక్కంతా ఓపిగ్గా విని ఒక్కటే అడిగాడు: "బాబూ, ఆ ముల్గీల్లో గిరాకీ చూసుకునేది మీ నాయినా, కిరాయిదారా?"

ఆ ప్రశ్న అర్థమైతే సగం పాఠం వచ్చినట్టే. ఆస్తి ఏమిటన్నది ఒక్కటే కాదు, దాన్ని మనం దేనికి వాడుతున్నామో కూడా పన్ను చట్టం చూస్తుంది.

వనపర్తి: కిరాయి ముల్గీ

కిరాయి డబ్బు 'ఇంటి ఆస్తి ఆదాయం' కిందికి వస్తుంది. ఇక్కడ తరుగుదల లేదు. దాని బదులు, రిపేర్లు చేయించినా చేయించకపోయినా 30 శాతం తీసేస్తారు. మా లెక్కే చూడండి. నెలకు 10,000 చొప్పున ఏడాదికి 1,20,000. కట్టిన మున్సిపల్ పన్ను 6,000 పోతే 1,14,000. అందులో 30 శాతం అంటే 34,200 తీసేస్తే 79,800 మిగులుతుంది. నాయిన మిగతా ఆదాయానికి కలిసేది అదే. బిల్డింగ్‌కి లోన్ ఉంటే వడ్డీ కూడా తగ్గించుకోవచ్చు. వడ్డీ ఎక్కువై నష్టం వస్తే పాత పద్ధతిలో ఏడాదికి 2 లక్షల దాకా జీతంలోంచి సర్దుకోవచ్చు, కొత్త పద్ధతిలో ఆ వీలు లేదు.

గద్వాల: సొంత దుకాణం

నా రూమ్మేట్‌ది గద్వాల. వాళ్లకి సొంత బిల్డింగ్‌లో చీరల దుకాణం ఉంది. వాళ్లకి మాత్రం తరుగుదల వస్తుంది, ఎందుకంటే ఆ బిల్డింగ్ వాళ్ల వ్యాపారానికే వాడుతున్నారు. దుకాణం, ఆఫీసు లాంటి వాటికి 10 శాతం, నివాస భవనాలకు 5 శాతం. మొదటి ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే.

ఉదాహరణకి 30 లక్షలకు కొన్నారనుకోండి. అందులో 10 లక్షలు స్థలం విలువ. తరుగుదల మిగతా 20 లక్షల మీదే. నేలకి తరుగుదల లేదని 1967లోనే ఆల్ప్స్ థియేటర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. మా వనపర్తి రాజమహల్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది. ఆ గోడలు పాతబడతాయి, వాటి కింది నేల పాతబడదు. అంతే లాజిక్.

ఇక 20 లక్షల మీద మొదటి ఏడాది 2,00,000, రెండో ఏడాది 1,80,000, మూడో ఏడాది 1,62,000 తగ్గుతాయి. మిగిలిన పుస్తక విలువ 14,58,000. అప్పుడు బిల్డింగ్ భాగం 22 లక్షలకు అమ్ముడుపోయి, ఆ కోవలో వేరే బిల్డింగ్ లేకపోతే, లాభం 2 లక్షలు కాదు, 7,42,000. ఎన్నేళ్లు ఉంచుకున్నా దాన్ని స్వల్పకాలిక లాభం కిందే లెక్కిస్తారు. అంటే తరుగుదల ఊరికే వచ్చిన డబ్బు కాదు, వాయిదా పడిన పన్ను.

ఇంకో మెలిక ఉంది. చిన్న వ్యాపారులు వాడే అంచనా లాభం పద్ధతిలో, అంటే 44ఏడీలో, తరుగుదల విడిగా అడగలేం. అప్పటికే తీసేసినట్టు లెక్క.

నాగర్‌కర్నూల్: మామ చేను

2016 అక్టోబర్ 11న ఈ మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలయ్యాయి. పొలాల పక్కన ప్లాట్ల బోర్డులు చూస్తూనే ఉన్నాం. మా మేనమామ కూతురి పెళ్లికని నాగర్‌కర్నూల్ దగ్గరున్న చేను బేరం పెట్టాడు. బ్రోకర్ "ఊరికి మూడు కిలోమీటర్లుంది, వ్యవసాయ భూమికి పన్నే లేదు" అన్నాడు. మామ నమ్మాడు.

గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభం పన్ను లేదన్నది నిజమే. కానీ జనాభా 10,000 దాటి లక్ష లోపున్న మున్సిపాలిటీ అయితే, దాని హద్దు నుంచి 2 కిలోమీటర్లు దాటి ఉండాలి. 2011 లెక్కల ప్రకారం మన మూడు ఊళ్లూ ఈ కోవలోవే. పైగా ఆ దూరం రోడ్డు మీద కొలిచేది కాదు, ఆకాశ మార్గంలో. నేను ఫోన్‌లో మ్యాప్ తీసి మున్సిపల్ హద్దు నుంచి గీత గీశాను. 1.7 కిలోమీటర్లు వచ్చింది. మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముందే తెలిసింది, నయమే బిడ్డా" అన్నాడు.

నిజంగా నయమే. ఆ చేను మామే సాగు చేస్తున్నాడు. అమ్మే ముందు రెండేళ్లూ సాగులో ఉన్న భూమి అయితే, అమ్మిన రెండేళ్లలోపు వేరే వ్యవసాయ భూమి కొన్న మేరకు లాభంపై పన్ను తప్పుతుంది. మామ కొంత డబ్బుతో తెల్కపల్లి వైపు భూమి చూస్తున్నాడు. మిగిలిన లాభానికి కట్టాల్సిన పన్ను పక్కన పెట్టాకే పెళ్లి ఖర్చు లెక్క వేశాడు.

24 నెలలు దాటిన భూమికి 2024 జూలై 23 నుంచి పన్ను 12.5 శాతం, ద్రవ్యోల్బణ సర్దుబాటు లేదు. ఆ తేదీకి ముందు కొన్నదైతే, దేశంలో నివసించే వ్యక్తులు పాత పద్ధతిలో, అంటే సర్దుబాటు చేసి 20 శాతంతో కూడా లెక్క వేసుకుని, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. 2010-11లో 2 లక్షలకు కొన్న ప్లాట్ 2025-26లో 12 లక్షలకు అమ్మితే 12.5 శాతం లెక్కలో 1,25,000, పాత లెక్కలో సుమారు 1,50,000. అదే 6 లక్షలకే అమ్మితే 50,000 ఎదురుగా సుమారు 30,000. ధర బాగా పెరిగిన చోట కొత్తది మేలు, నెమ్మదిగా పెరిగిన చోట పాతది మేలు. సెస్సు అదనం.

1961 చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వస్తుంది కాబట్టి సెక్షన్ నంబర్లు బట్టీ పట్టకండి. ఈసారి ఇంటికెళ్తే మూడు విషయాలు అడగండి. మన ఆస్తి ఎవరి వాడకంలో ఉంది? కొన్నప్పుడు స్థలం విలువ ఎంత, కట్టడం విలువ ఎంత? మున్సిపల్ హద్దు నుంచి చేను ఎంత దూరం? ఈ మూడోది ఎప్పటికప్పుడు చూసుకోవాల్సిందే. ఒకప్పుడు పంచాయతీలైన పెబ్బేరు, కొత్తకోట ఇప్పుడు మున్సిపాలిటీలు.

ఇవన్నీ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే అడగాలి. సంతకం అయ్యాక ఆడిటర్ సారు లెక్క చెప్పగలడు గానీ, దారి చూపించడం కష్టం.