గొఱ్ఱెల వెలను నిర్ణయించున వేవి?

గజపతినగరము చుట్టుపట్ల మెట్టపొలములలోను, చంపావతి గట్లమీదను మందలు మేపు కుటుంబము లనేకములు కలవు. పంట చెడిన యేడు సాగుదారుని నిలబెట్టునది తఱచుగా ఈ మందయే. అయినను ధాన్యమును తూచి యమ్మువాడే గొఱ్ఱెను మాత్రము చూపుమీద నమ్ముచున్నాడు. వెల యెట్లేర్పడునో యెఱిగినచో ఈ నష్టము కొంత తగ్గును గావున, ఆ విషయము నిచ్చట విచారింతము.

1. గిరాకి. కనుమ, ముక్కనుమలకును, విజయదశమి వెనుక మంగళవారమున విజయనగరమున జరుగు పైడితల్లి సిరిమానోత్సవమునకును మాంసము కొనువారు పెరుగుదురు. ఆ యుత్సవము దాటిన కొలది దినములకే కార్తికము వచ్చును. అప్పుడు పెక్కుమంది మాంసము మానుదురు. బక్రీదు ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగును. దానికి లోపములేని పొట్టేళ్లను కోరుదురు. కావున పండుగ తేదీని ముందుగా చూచుకొని పిల్లలను సిద్ధపఱచుకొనవలయును.

2. మేత. వేసవిలో బీళ్లెండినప్పుడు అందఱు నొకేసారి యమ్మజూతురు. సంతలో జీవములు పెరిగి వెల పడిపోవును. తొలకరి పిమ్మట మేత దొరకగానే పెంచుకొనువారు తల్లిగొఱ్ఱెలకై వత్తురు, వెల లేచును. గడ్డి, చొప్ప నిలువచేసికొన్నవాడు ఈ రెండు కాలముల నడుమ ఓపిక పట్టగలడు.

3. దూరపు కొనుగోలు. 2017లో తెలంగాణ ప్రభుత్వము కుటుంబమునకు 20 ఆడగొఱ్ఱెలు, 1 పొట్టేలు చొప్పున రాయితీపై పంచ నారంభించినప్పుడు, మన రాష్ట్రమునుండియు జీవములను కొనిరి. అట్టి కొనుగోలు వచ్చినప్పుడు తల్లిగొఱ్ఱెల గిరాకి హెచ్చును, ఆగినప్పుడు తగ్గును. ఆ హెచ్చు వెలకు అప్పుచేసి మంద కొనుట ప్రమాదకరము.

4. వ్యాధి, అప్పు. చిటుకరోగము, పి.పి.ఆర్. పొడసూపగానే కాపరులు భయపడి వచ్చిన వెలకే యమ్మివేయుదురు. సకాలమున టీకా వేయించినచో ఈ తొందర యుండదు. దళారివద్ద ముందే సొమ్ము వాడుకొన్నవానికి బేరమాడు నోరుండదు.

5. బరువు. ఇదియే ముఖ్యము. కాటా లేనిచోట టేపుతో నైనను అంచనా కట్టవచ్చును. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను అంగుళములలో కొలిచి, దానిని దానిచేతనే గుణించి, భుజాగ్రమునుండి పిరుదెముక చివరవఱకు గల పొడవుచే మరల గుణించి, 660చే భాగించినచో కిలోల బరువు వచ్చును. చుట్టుకొలత 28, పొడవు 24 అయిన పొట్టేలు సుమారు 28½ కిలోలు తూగును. అందు మాంసము నూటికి 45 మొదలు 50 పాళ్లు, అనగా 13, 14 కిలోలు. దానిని బేరగాడు 11 కిలోలని చెప్పి కొన్నచో, కిలో 700 రూపాయలని యనుకొన్నను, జీవమునకు 1,400 రూపాయలకు తక్కువ కాని నష్టము. పదింటికి 14,000 రూపాయలు! అది యొక బిడ్డ చదువునకో, విత్తనములకో చాలును.

పండుగలను, వానలను మన మేలజాలము. కాని కాటాను మన సంఘమున పెట్టుకొనవచ్చును. పదుగురు కలసి యొకేదినమున జీవములను తూచి, ఇద్దఱు ముగ్గురు కొనుగోలుదారులను పిలిచి యమ్మవచ్చును. ఒంటరిగా సంతకు పోయినవాడు చెప్పిన వెలకు తలయూచును. కలసి నిలిచినవారు వెలను చెప్పగలుగుదురు. సభ్యులు ఈ విషయమును రాబోవు సమావేశమున చర్చింప గోరుచున్నాము.