తీతువు నేర్పిన పాఠము

గడచిన ధనుర్మాసమున ఒక ఆదివారమునాడు మేము తొమ్మిదవ తరగతి బాలబాలికలతో తిరుత్తణికి చేరువనున్న ఒక మామిడితోపునకు పక్షులను చూడబోయితిమి. తోపు నానుకొని చెరువు కలదు. ఈశాన్య ఋతుపవనపు వానలకు అది నిండియుండెను. ఉండేలు తేరాదనియు, బిగ్గరగా మాటలాడరాదనియు ముందే కట్టడి చేసితిమి.

మంచు విడునప్పటికి చెరువుగట్టున కొంగలు బారులు తీరినవి. నీటికాకి యొకటి మునిగి తేలి, మొద్దుపై కూర్చుండి రెక్కలు విప్పి ఎండకు ఆరబెట్టుకొనెను. తంతిపైనుండి పాలపిట్ట ఎగురగా దాని నీలిరెక్కలు తళుక్కుమన్నవి. నీటియంచున తోక నాడించుచు తిరుగు చిన్నపిట్టలు హిమాలయములనుండియు, ఆవలి దేశములనుండియు వచ్చిన శీతకాలపు అతిథులు. అచ్చట మంచు కురిసి పురుగులు దొరకవు గనుక అవి ఆహారమునకై ఇంతదూరము వచ్చును.

ఇంతలో ఒక పక్షి మమ్ము చూచి గగ్గోలుగా కూయుచు పైకెగిరెను. పసుపుపచ్చని పొడవుకాళ్ళు, కన్నులముందు ఎఱ్ఱని తోలు, నల్లని ఱొమ్ము. “ఆళ్‌కాట్టి!” అని పిల్లలందఱు తమిళమున పలికిరి. తెలుగున దాని పేరేమని యడుగగా ఎవ్వరును చెప్పలేకపోయిరి. నిజము చెప్పవలెనన్న, ఆంధ్రదేశమున శిక్షణ పొందిన మేమును తడబడితిమి. పొలమున కలుపు తీయుచున్న యొక అవ్వ నవ్వి, “తీతువు గదా నాయనా! రాత్రి కూస్తే కీడంటారు” అనెను. పుస్తకములలో పలుమార్లు చదివిన తీతువును మేము ఆనాడే గుర్తించితిమి!

అది కీడు కూత కాదు, హెచ్చరిక. తీతువు గూడు కట్టదు. వట్టినేలపై, గులకఱాళ్ళవలె కనబడు గ్రుడ్లను పెట్టును. కావున మనిషినిగాని కుక్కనుగాని చూచినంతనే అరచును. తమిళనామమునకు “మనిషిని చూపునది” అని యర్థము. తెలుగుపేరు దాని కూతను తలపించును. పంచతంత్రమున గ్రుడ్లకై సముద్రముతో తలపడిన టిట్టిభ మిదియే. ఒక పేరు గుణమును, ఒక పేరు ధ్వనిని తెలుపుచున్నవి. రెండును తెలిసినవానికి పక్షి మఱింత బాగుగా తెలియును.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1వ తేదీన మద్రాసు రాష్ట్రమున చేరినది. సంతలో, వీధిలో తమిళము వినబడుట సహజము. అది మనకు లాభమే. కాని అవ్వ యెఱిగిన పేరు మనుమనికి తెలియకున్న, ఆ నష్టము పాఠ్యపుస్తకముచే తీరునది కాదు. తల్లిదండ్రులారా! రోజున కొక పిట్ట పేరు, చెట్టు పేరు ఇంట తెలుగున చెప్పుడు.

రైతులు మఱియొక సంగతి గమనింపవలెను. చెంగల్పట్టు ప్రాంతపు వేడంతాంగల్ గ్రామస్థులు తమ చెరువుపక్షులను వేటనుండి కాపాడుకొనిరి. 1798లో నాటి కలెక్టరు వారి హక్కును గుర్తించెను. పక్షుల రెట్ట కలిసిన నీరు వారి పైరులకు ఎరువైనది.

అభ్యాసము: మీ చెరువువద్ద ఒక గంట కూర్చుండి, చూచిన పక్షుల రంగు, నడక, కూత వ్రాయుడు. వాని పేర్లను తెలుగు, తమిళములు రెంటను ఇంటి పెద్దలనడిగి పూరింపుడు.