నిప్పుకన్నా ముందు గాలిని చూడు

చీరాల

అల్లుడూ,

ఈ ఏడు బ్యారన్ నీ చేతికి వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. రెలుపు, అంటే ఆకు కోత, మొదలవకముందే ఈ ఉత్తరం చదువు. మొదలయ్యాక నీకు నిద్రే ఉండదు, ఇక చదివే తీరిక ఎక్కడిది!

బ్యారన్ అంటే పొగాకు ఎండబెట్టడానికి నేల నుంచి వేడెక్కే గది. పొయ్యి గోడ బయట ఉంటుంది. మంటా పొగా రేకు గొట్టాల్లో దూరి, గది అడుగున చుట్టు తిరిగి, పొగగొట్టం గుండా పైకి పోతాయి. ఆకుకు తగలాల్సింది గొట్టం వేడి మాత్రమే, పొగ కాదు. అడుగున వెంటిలేటర్ల నుంచి వచ్చే గాలి ఆ గొట్టాల మీద వేడెక్కి, కర్రలకు అల్లిన ఆకుల మధ్యగా పైకి లేచి, తేమను మోసుకుని కప్పు దగ్గర బయటికి పోతుంది. ఇంతే యంత్రం. ఐఎల్‌టీడీ అనే పొగాకు కంపెనీ 1912లో గుంటూరు జిల్లాలో మొదలయ్యాక, 1920ల్లో వర్జీనియా పొగాకుతో పాటు ఈ పద్ధతీ మన పల్లెలకు వచ్చింది. అదే కంపెనీ ఆకు ఫ్యాక్టరీ మా చీరాలకు అన్నం పెట్టింది. పొగాకు మంచిదా కాదా అన్న వాదన మనం కలిసినప్పుడు పెట్టుకుందాం. వేసిన పంటను పాడుచేసుకోవడం మాత్రం ఏ వాదనకీ లాభం కాదు.

కొత్తవాడు చేసే పని ఒకటుంది. ఏది తేడా వచ్చినా పొయ్యి దగ్గరికే పరిగెడతాడు. ఆకు ఎండలేదా, ఇంకో నాలుగు దుంగలు తోస్తాడు. చాలాసార్లు లోపం మంటలో ఉండదు, గాలి నడిచే దారిలో ఉంటుంది. అందుకే దుంగ ముట్టుకునే ముందు రెండు థర్మామీటర్ల బల్బులూ చూడు. పొడి బల్బు గది ఎంత వేడిగా ఉందో చెబుతుంది. గుడ్డ వత్తి కట్టిన తడి బల్బు గాలిలో తేమ సంగతి చెబుతుంది. రెంటి మధ్య తేడా తక్కువగా ఉంటే తేమ నిండుగా ఉందని, పెరిగితే గాలి పొడిబారుతోందని. వత్తి ఎండిపోతే తడి బల్బు అబద్ధం చెబుతుంది, గిన్నెలో నీళ్లు అయిపోనివ్వకు. థర్మామీటర్లను గోడకు కాకుండా గది నడుమ, కింది వరస ఆకు ఎత్తున వేలాడదియ్యి.

డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే రాస్తున్నాను. మొదట ఆకు పసుపెక్కాలి. 90కి అటూ ఇటూ మొదలుపెట్టి 100 దాకా. కోసిన ఆకు అప్పటికింకా బతికే ఉంటుంది, దానిలోని పిండి చక్కెరగా మారుతుంటుంది. ఆ పని తేమలోనే జరుగుతుంది కాబట్టి వెంటిలేటర్లు మూసే ఉంచు. ఇక్కడ ఆత్రపడి వేడి పెంచావంటే ఆకు పచ్చగానే చచ్చిపోతుంది. ఆ పచ్చదనం తర్వాత ఎంత కాల్చినా పోదు.

అసలు పరీక్ష ఆ తర్వాత, రంగు నిలిపేటప్పుడు. 100 నుంచి 120 దాకా గంటకు ఒకటి రెండు డిగ్రీలకు మించకుండా ఎక్కించు, వెంటిలేటర్లు కొద్దికొద్దిగా తెరుస్తూ పో. తడి బల్బు 105 దాటకూడదు. దాటిందంటే ఆకులోంచి వచ్చే నీటికి బయటికి దారి చాలడం లేదన్నమాట. అప్పుడు కొత్తవాడు మంట పెంచుతాడు, ఆకు ఉడికి గోధుమరంగు తిరుగుతుంది. నువ్వు మంటను అలాగే ఉంచి వెంటిలేటరు ఇంకాస్త తెరువు. 120 నుంచి 140 మధ్య ఆకు ఎండుతుంది, ఆపైన 160 దాకా ఈనె. ఈనె ఎండేటప్పుడు వెంటిలేటర్లు మెల్లగా మూస్తూ రావాలి, లేకపోతే కట్టెలు ఊరికే కాలతాయి. ఆ దశలో తెల్లవారుజామున కునుకు తీసి మంట చల్లారనిచ్చావంటే ఈనెలోని నీరు మళ్లీ ఆకులోకి పాకుతుంది, నల్లటి చారలు పడతాయి.

ఇక గదిలో ఒక పక్క ఎండి, ఒక పక్క పచ్చిగా ఉండే జబ్బు. పొయ్యికి దగ్గరి గొట్టం ఎప్పుడూ ఎక్కువ వేడిగానే ఉంటుంది, అది దాని స్వభావం. కొరియా వాళ్ల పాత ఇళ్లలో ఒండోల్ అని ఉండేది. వంటింటి పొయ్యి పొగను నేల బండల కింద నుంచి పోనిచ్చి గది వెచ్చబెట్టేవాళ్లు, పొయ్యి వైపు చోటు పెద్దవాళ్లకు వదిలేవాళ్లు. మనం ఆకుకు అలా పెద్దా చిన్నా చూడలేం. అమెరికాలో మనవాళ్లు ఉండే కొన్ని ఇళ్లలో నేల కింద గొట్టాల్లో వేడినీళ్లు తిరుగుతాయి. అక్కడా ఇదే గొడవ. నీరు పొట్టి చుట్టులోంచి సులువుగా పరిగెడుతుంది, పొడవు చుట్టున్న గది చల్లగా ఉండిపోతుంది. తెలిసిన మేస్త్రీ బాయిలరు వేడి పెంచడు, పొట్టి చుట్టు వాల్వు కాస్త బిగిస్తాడు.

మన బ్యారన్‌లో ఆ వాల్వు పని కర్రల పేర్పు చేస్తుంది. ఒకచోట వదులుగా పేర్చావంటే వేడిగాలి అంతా ఆ సందులోంచే పైకి పోతుంది, పక్కన ఒత్తుగా ఉన్న ఆకు చెమటపట్టి కూచుంటుంది. కాబట్టి పేర్పు అంతటా ఒకే తీరున ఉండాలి, పచ్చి ఆకునీ పండిన ఆకునీ ఒకే కర్రకు అల్లనివ్వకు. పేర్పు బాగున్నా తేడా ఉంటే గొట్టాలు చూడు. పొయ్యి నుంచి పొగగొట్టం వైపు కొంచెం ఎగువగా వాలు ఉండాలి. మధ్యలో గొట్టం కింది దిమ్మ కుంగితే అక్కడ మసి పేరుకుని పొగ ఆగుతుంది, అవతలి గొట్టాలు చల్లబడతాయి, పొయ్యి నోట్లోంచి పొగ వెనక్కి తంతుంది. ప్రతి రెలుపు ముందూ మసి దులిపించు. అతుకుల దగ్గర మట్టి మెత్తించి, పొయ్యి రాజేసి, లోపల చీకట్లో నిలబడి చూడు. ఎక్కడ ఎర్రగా మెరిసినా, పొగ వాసన వచ్చినా ఆకు ఎక్కించొద్దు. పొగ తగిలిన ఆకుకు వేలంలో ధర రాదు. నిప్పురవ్వ తగిలితే వేలం దాకా వెళ్లేదే ఉండదు. గొట్టాల పైన వలతెర కట్టించు, రాలిన ఆకు ఎర్రటి గొట్టం మీద పడితే బ్యారన్ మొత్తం అంటుకుంటుంది.

కట్టె జామాయిల్ అయినా సుబాబుల్ అయినా ఎండినదే కొను. పచ్చికట్టె కొంటే దానిలోని నీటిని కూడా నీ డబ్బుతోనే కాచినట్టు. కప్పు కింద వరిగడ్డి పరిచి వేడి పైకి పోకుండా ఆపు. వెంటిలేటరు దారి మాత్రం గడ్డితో మూసుకుపోనీకు.

ఈనె చిటుక్కున విరిగితే కాలడం అయినట్టే. వెంటనే దించకు, పొడి ఆకు చేతిలో నుసి అవుతుంది. పొయ్యి ఆర్పి, బాగా చల్లబడ్డాక రాత్రి తలుపులు తెరిచి పెట్టు, తేమకు ఆకు పదునెక్కాక తెల్లారి దించి దొంతరగా మండె వెయ్యి. ఒక్క ఈనె మెత్తగా మిగిలినా మండెలో బూజు పడుతుంది, కర్ర కర్రకీ విరిచి చూడు.

గ్రేడింగ్ సంగతి మీ అమ్మను అడుగు. ఆ విద్యలో ఆవిడ ముందు నేను నోరెత్తను.

మీ మామయ్య