అలంకారం పని పట్టేవాళ్లకు

బామ్ని నుంచి సిరొంచ, అక్కణ్నుంచి గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. ఈ చుట్టుపక్కల గుళ్ళకూ మండపాలకూ ఏడాదంతా అలంకారం కావాలి. భాద్రపదంలో గణపతి, ఆశ్వయుజంలో అమ్మవారు, కార్తికంలో శివుడు, ఆపైన శివరాత్రి, శ్రీరామనవమి. పత్తి, మిరప పనులు తెరిపి ఇచ్చినప్పుడు ఈ పని పట్టాలనుకునే యువతకు ముందుగా చెప్పేది ఒక్కటే: పూలు కొనకముందే అర్చకుణ్ని అడగండి.

కాళేశ్వరాన్నే తీసుకోండి. గర్భగుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, కాళేశ్వరుడు, ముక్తీశ్వరుడు. ముక్తీశ్వర లింగానికి నాసికా రంధ్రాలున్నాయి. వాటిలో పోసిన అభిషేక జలం ప్రాణహిత, గోదావరి సంగమంలో కలుస్తుందని నమ్మకం. దండ ఎంత ముచ్చటగా కట్టినా ఆ రంధ్రాలకు అడ్డం పడితే పనికిరాదు. ఇలాంటి సంగతి ఫోటో చూస్తే తెలియదు, రోజూ పూజ చేసేవారికే తెలుస్తుంది.

మూలమూర్తిని తాకేది అర్చకులే. దండలు, తోరణాలు, పల్లకి, ఉత్సవమూర్తి దగ్గర చేతిసాయం మీ వంతు. ఆ హద్దు ఎరిగినవాళ్లకే మరుసటేడూ కబురొస్తుంది. శివుడికి మారేడు, జిల్లేడు, తుమ్మి పెడతారు, మొగలిపువ్వు పెట్టరు. విష్ణువుకు తులసి ఉండాల్సిందే. వినాయకుడికి మామూలు రోజుల్లో తులసి వాడరు, చవితినాటి పత్రిలో మాత్రం ఉంటుంది. వీటికి తోడు ఊరి ఆచారం వేరే ఉంటుంది, అదీ అడగండి.

ఇక చీర. అభిషేకం అయ్యాక తెర వేసిన కాసేపే మీకు దొరికే సమయం. అందుకని కుచ్చిళ్ళు ఇంట్లోనే మడిచి, ఇస్త్రీ చేసి, దారంతో టాకాలు వేసి తీసుకెళ్ళండి. గుండుసూదులు లెక్కపెట్టి గుచ్చి, లెక్కపెట్టి తీయండి. ఒక్కటి మిగిలినా తెల్లవారి అర్చకుడి వేలికి దిగుతుంది. దండకు తడిపిన అరటినార మంచిది, పూవు కాడను కొయ్యదు. థర్మోకోల్‌నీ సింథటిక్ గుడ్డనూ హారతి అందే చోట ఉంచనే వద్దు. లోహ విగ్రహానికి టేపు, జిగురు అంటించవద్దు.

నగలు ఒంటరిగా చేతిలోకి తీసుకోకండి. ఇచ్చేటప్పుడూ తిరిగి పెట్టేటప్పుడూ ఇద్దరు పెద్దలు చూడాలి, కాగితం మీద రాసుకోవాలి. మీరు తెచ్చిన గిల్టు నగలకు వేరే జాబితా ఉండాలి. నిజాయితీపరులకే ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం, ఎందుకంటే అనుమానం పడితే వాళ్లే తట్టుకోలేరు.

విజయవాడ ఇంద్రకీలాద్రిపై దసరాకు అమ్మవారికి రోజుకో రూపం. మూలా నక్షత్రం నాడు సరస్వతి, చివర రాజరాజేశ్వరి. ఊళ్ళ మండపాల కమిటీలూ అదే వరస కోరుతున్నాయి. అలాంటప్పుడు నవరాత్రులకంతా కలిపి ఒకే మొత్తం ఒప్పుకోవద్దు. చీరలు, పూలు, కూలి విడివిడిగా రాయించండి, తెలుగులోనైనా మరాఠీలోనైనా సరే. పండగకు పూల ధర పెరుగుతుంది కాబట్టి ఆ ఖర్చు కమిటీదేనని ముందే తేల్చుకుని, బయానా తీసుకోండి. దేవుడి పనికి డబ్బు అడగడమేంటని మొహమాటపడకండి. రాత్రంతా కూర్చుని దండలు కట్టే ఆడవాళ్ల కూలి అందులోంచే ఇవ్వాలి. మరునాడు నిర్మాల్యం తీసి, తొక్కుడు పడని చోటికి చేర్చే పని కూడా లెక్కలో కలపండి.

పూలు మనమే పండించుకుంటే ఇంకా మంచిది. బంతి నారు నాటిన సుమారు రెండు నెలలకు పూస్తుంది, అంటే దసరాకు శ్రావణంలో నాటాలి. ప్రాణహిత, గోదావరి ఒడ్డు చేలు ఆ రోజుల్లో మునిగే ప్రమాదం ఉంది, మెరక చెలక చూసుకోండి. చేమంతికి పగలు కురచైతేనే మొగ్గ, అది కార్తికానికి పనికొస్తుంది. 2015 జూలైలో జరిగిన గోదావరి పుష్కరాలు 2027లో మళ్ళీ వస్తాయి. అప్పటి పూలకు నారు ఎండాకాలంలోనే పోయాలి కాబట్టి, బోరున్న రైతుతో ఇప్పుడే మాట్లాడుకోండి.