మోకాళ్ల అరుగుదలకు అర్ధశక్తి వ్యాయామం
మోకాళ్లు అరిగాయని వినగానే నడక మానేసి కుర్చీకి పరిమితమయ్యేవారు అనేకులు. ఇది పొరపాటు. కదలిక లేకుంటే తొడ కండరం క్షీణించి, అది మోయవలసిన భారం కూడా అరిగిన కీలుపైనే పడుతుంది.

సంధిగతవాత రోగి ముందుగా గోరువెచ్చని నువ్వులనూనెతో మోకాళ్లను మృదువుగా మర్దించుకోవాలి. పిమ్మట మంచంపై కాళ్లు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు ఉంచి, దానిని కిందికి అదిమి, 5 అంకెలు లెక్కించి వదలాలి. ఒక్కొక్క కాలికి 10 పర్యాయాలు, రెండు పూటలా. శ్వాస బిగపట్టరాదు.

బలవంతులకే వాగ్భటాచార్యులు అర్ధశక్తి వ్యాయామం విధించారు. అరిగిన కీళ్లవారు అంతకు మించరాదని వేరుగా చెప్పాలా? పెరిగిన నొప్పి 2 గంటలు దాటి నిలిస్తే మరునాడు పర్యాయాలు సగానికి తగ్గించాలి, పూర్తిగా మానరాదు. కీలు ఎర్రబడి, వేడెక్కి వాచినచో మాత్రం ఆపి వైద్యుని సంప్రదించాలి.